తోకల పద్దు

మన ఆడవాళ్లం రోజుకి ఎన్ని లెక్కలు పెడతామో ఎవరూ లెక్కపెట్టినట్టు లేదు. చాకలి పద్దు ఒకటి, పాల పద్దు ఒకటి. పేరంటానికని పక్కింటివాళ్లు పట్టుకెళ్లిన పళ్లేలు పన్నెండూ తిరిగొచ్చాయా, పదకొండేనా అన్నది ఒకటి. తిరునాళ్ల రద్దీలో రైలెక్కాక, "పెద్దాడు, చిన్నాడు, బుజ్జి... రెండోది ఏదే?" అని గుండె గుభేలుమనే లెక్క మరొకటి. ఎంత చిరాకు పుట్టించినా ఈ లెక్కల్లో ఒక సుఖం వుంది. లెక్కకి రావలసినవి మన కళ్లముందే వుంటాయి. పిల్లలు ఓ పట్టాన కుదురుగా నిలబడరనుకోండి, అయినా నీళ్లలో మునిగిపోయి అర మైలు అవతల తేలరు కదా!

అలా తేలేవాటిని లెక్కపెట్టమంటే ఎలా వుంటుందో ఆలోచించండి. నలభై అయిదు అడుగుల పొడుగు, ముప్ఫై నలభై టన్నుల బరువు. ఇంతా వుండి, చూస్తూ వుండగానే మాయమైపోతుంది. పావుగంట పోయాక ఎక్కడో మరోచోట తెల్లగా ఆవిరి చిమ్ముతుంది. ఇందాకటిదే మళ్లీ వచ్చిందా, ఇది ఇంకోటా?

పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యన వున్న హవాయి దీవుల్లో ఏటా జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల ఆఖరి శనివారాల్లో వందలమంది సరిగ్గా ఈ పనికే కూర్చుంటారు. బడిపంతుళ్లు, రిటైరైన గుమాస్తాలు, మనవల్ని వెంటబెట్టుకొచ్చిన అమ్మమ్మలు, అంతా మామూలు మనుషులే. పొద్దున్న ఎనిమిది కొట్టేసరికి సముద్రం వొడ్డున ఎత్తయిన రాతిగుట్టల మీద చేరతారు. కళ్లకి బైనాక్యులర్లు, వొళ్లో అట్టమీద కాగితం, నెత్తిన టోపీ. మధ్యాహ్నం దాకా ప్రతి పావుగంటకీ ఎన్ని కనిపించాయో, ఏం చేశాయో రాసుకుంటారు. ఎగిరిందా, తోక కొట్టిందా, రెక్క చరిచిందా, వుత్త ఆవిరే చిమ్మిందా, అన్నిటికీ గళ్లున్నాయి. 1996లో మొదలైన పద్ధతి ఇది. వాళ్లు లెక్కించేది హంప్‌బ్యాక్ తిమింగిలాలని.

ఒకప్పుడు కూడా మనుషులు సముద్రం మీద తిమింగిలాల్ని లెక్కపెట్టారు. ఆ పద్దు వేరు. రెండింటికీ మధ్య జరిగిన కథే నేను చెప్పబోయేది.

ముందు ఈ జంతువు సంగతి కాస్త. తిమింగిలం అన్న మాటలోనే ఓ చమత్కారం వుంది. 'తిమి' అంటే పెద్ద చేప. దాన్ని మింగేది తిమింగిలం. అంతటితో వూరుకోక మన పెద్దలు ఆ తిమింగిలాన్ని కూడా మింగే 'తిమింగిలగిలా'న్ని వూహించారు! నిజానికి తిమింగిలం చేపే కాదు. మనలాగే గాలి పీలుస్తుంది, పిల్లని కంటుంది, పాలిస్తుంది. హంప్‌బ్యాక్ అయితే పెద్ద చేపల్ని మింగాలన్నా మింగలేదు, గొంతు ఇరుకు. రొయ్య జాతి చిన్న చిన్న ప్రాణులూ, గుంపులు గుంపులుగా తిరిగే సన్న చేపలూ దాని తిండి. మునగబోయే ముందు వీపుని విల్లులా వంచుతుంది. అప్పుడు మూపురం వున్నట్టు కనిపిస్తుందని ఇంగ్లీషువాళ్లు ఆ పేరు పెట్టారు. హవాయి భాషలో కొహొలా అంటారు.

వేసవంతా అలాస్కా దగ్గరి చల్లటి నీళ్లలో కడుపారా తింటాయి. నవంబరు వచ్చేసరికి వొకటొకటిగా దక్షిణానికి బయల్దేరి, సుమారు మూడు వేల మైళ్లు ఈది హవాయి చేరతాయి. అక్కడే పుట్టిన ఆడ తిమింగిలాలు పెరిగి పెద్దవై మళ్లీ అక్కడికే వచ్చి కంటాయి. అంటే అక్షరాలా పుట్టింటికి పురిటికి రావడమే! కాకపోతే ఈ పుట్టింట్లో అమ్మా లేదు, వంటా లేదు. ఆ వెచ్చటి నీళ్లు బిడ్డకి హాయి గానీ, అందులో తల్లికి తినడానికేమీ దొరకదు. బాలింత పథ్యమని ఇంగువ చారుతో సరిపెడితే మనం ఇప్పటికీ చెప్పుకుంటాం. ఈ తల్లి నోట్లో ముద్ద పెట్టకుండా, అలాస్కాలో పట్టించుకున్న కొవ్వు కరిగించుకుంటూ నెలల తరబడి పాలిస్తుంది. బిడ్డ పుట్టడమే టన్ను బరువుతో పుడుతుంది. ఆ పాలెంత చిక్కనంటే వాటి పక్కన మన గేదె పాలు నీళ్లే. బిడ్డకి కాస్త వొళ్లు వచ్చాక దాన్ని పక్కన పెట్టుకుని మళ్లీ మూడు వేల మైళ్లు ఈదుకుంటూ పోవాలి. ఆ తర్వాత గానీ ఆవిడ భోజనం సంగతి లేదు. ఈ వుపవాసం సంగతి గుర్తుంచుకోండి, తర్వాత దీనితో పని వుంది.

ఇక పాత పద్దు. 1819లో మొదటిసారి అమెరికా తిమింగిలాల వేట ఓడలు రెండు హవాయి చేరాయి. ఆ తర్వాత దారి తెలిసింది, గుంపులు కట్టాయి. మావి దీవిలో లహైనా అని చిన్న రేవు వుంది. హవాయి రాజులకి కొన్నాళ్లు రాజధాని. 1846 నాటికి ఆ వొక్క రేవుకే ఏడాదికి నాలుగు వందల దాకా ఓడలు వచ్చి పోతూ వుండేవి. వుత్తరాన, జపాను వైపున వేటాడి, నీళ్లకీ కూరగాయలకీ మరమ్మతులకీ ఇక్కడ ఆగేవి. మన ఇళ్లల్లో ఆముదం దీపాలు వెలుగుతున్న రోజుల్లో అమెరికాలో, ఐరోపాలో తిమింగిలం నూనె దీపాలు వెలిగేవి. మిల్లుల్లో యంత్రాలకి అదే కందెన. కొన్ని జాతుల నోట్లో పళ్లకి బదులు దువ్వెనల్లా వేలాడే దబ్బలుంటాయి. అవి కార్సెట్లకీ గొడుగు పుల్లలకీ వెళ్లేవి. కార్సెట్టంటే దొరసానులు నడుము సన్నగా కనబడాలని వూపిరాడకుండా బిగించుకునే లోపలి రవిక. ఆ బిగింపు ఎవరి నోట్లోంచి వచ్చిందో కట్టుకున్నవాళ్లలో ఎంతమందికి తెలుసో!

ఏళ్ల తరబడి నీళ్ల మీదే వుండి వొడ్డు చేరిన నావికుల వల్ల లహైనాలో పెద్ద తగాదాలే వచ్చాయి. ఆడవాళ్లు ఓడల మీదికి వెళ్లకూడదని 1825లో ఆ వూరి పెద్దలు కట్టడి చేశారు. నావికులకి కోపం వచ్చి, దీనికంతా మిషనరీ విలియం రిచర్డ్స్ కారణమని అతని మీద పడ్డారు. 1827లో జాన్ పామర్ అనే ఓడ మీదికి కొందరు స్త్రీలని తీసుకుపోతే, వాళ్లని పంపేదాకా కదలనివ్వనని హోఆపిలి అనే అధికారి ఆ కెప్టెన్ని పట్టి వుంచాడు. ఓడవాళ్లు ఏం చేశారనుకున్నారు? ఫిరంగి పేల్చారు. గుండ్లు రిచర్డ్స్ ఇంటి మీదుగా పోయాయి. ఆ ఇంట్లో భార్యా పిల్లలూ వున్నారు. తర్వాత లహైనా వాళ్లు రేవుకెదురుగా కోట కట్టుకున్నారంటే వింతేముంది?

ఆ ఓడల మీద అందరూ మగవాళ్లేనని అనుకోవద్దు. కొందరు కెప్టెన్ల భార్యలు, ఇంట్లో మూడేళ్లూ నాలుగేళ్లూ వొంటరిగా పడి వుండలేక, మొగుడితో పాటు ఓడెక్కారు. మేరీ బ్రూస్టర్ అనే ఆవిడ 1845లో అమెరికా తూర్పు తీరంలోని స్టోనింగ్టన్ నుంచి టైగర్ అనే ఓడలో బయల్దేరింది. హవాయి దీవుల్లో కొన్నాళ్లు వొడ్డున వుంది. రోజూ డైరీ రాసింది. ఆ డైరీ నూట యాభై ఏళ్ల తర్వాత పుస్తకంగా అచ్చయింది.

ఇలాంటి ఓడలన్నిటిలోనూ మరో పుస్తకం వుండేది, కెప్టెనో అతని సహాయకుడో రాసే ఓడ దినచర్య. గాలి ఎటునుంచి, ఎంత దూరం నడిచాం అని రాసి, వేట జరిగిన రోజున పక్కన ఒక ముద్ర వేసేవారు. కొయ్యతోనో దంతంతోనో చెక్కుకున్న తిమింగిలం ముద్ర అది. బొమ్మ మధ్యలో కాస్త తెల్లగా ఖాళీ వుంటుంది. ఆ ఖాళీలో ఎన్ని పీపాల నూనె వచ్చిందో అంకె వేసేవారు. నలభై పీపాలు, అరవై పీపాలు. అదీ ఆ ప్రాణికి వాళ్లు పెట్టిన పేరు! ఈటె తప్పించుకుని పారిపోయిన తిమింగిలానికి కూడా ఒక ముద్ర వుండేది. దానికి వొళ్లు వుండదు. నీళ్లలోకి మునిగిపోతున్న తోక ఒక్కటే. అమెరికాలో గ్రంథాలయాల్లో ఆ పుస్తకాలు ఇప్పటికీ వున్నాయి. వరసాగ్గా తిమింగిలాలు, మధ్య మధ్య తోకలు. ఓడ యజమానికి ఆ తోకలంటే నష్టం ఖాతా.

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో హంప్‌బ్యాక్ కొంతవరకు బతికిపోయింది. నూనె తక్కువ, చచ్చిందంటే తరచు అడుగుకి మునిగిపోతుంది. వేటగాళ్ల కన్ను పెద్ద నూనె తిమింగిలాల మీదే. అందుకే హవాయి నీళ్లలో హంప్‌బ్యాక్‌ల ప్రస్తావన ఆ పాత రాతల్లో బహు తక్కువ. అసలివి అప్పట్లో ఇంతగా హవాయికి వచ్చేవేనా అని లూయీ హెర్మన్ అనే ప్రొఫెసరు 1979లో ఒక వ్యాసమే రాశాడు.

1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో నేల తవ్వి రాతినూనె తీశారు. కిరసనాయిలు దీపం వచ్చింది. తిమింగిలాల కష్టాలు గట్టెక్కాయనుకుంటాం కదా? లేదు. పాత వేట చల్లబడేలోగా నార్వేలో స్వెండ్ ఫోయిన్ అనే ఆయన ఆవిరి ఓడ ముందు ఫిరంగి బిగించి, కొసన పేలుడు మందు పెట్టిన ఈటెని తయారు చేశాడు. చచ్చినదాన్ని మునిగిపోకుండా పైకి లాగే యంత్రాలూ వచ్చాయి. ఇక హంప్‌బ్యాక్‌కి మినహాయింపు లేదు. పైగా అది వొడ్డుకి దగ్గరగా, నెమ్మదిగా పోయే జంతువు. ఇరవయ్యో శతాబ్దంలో వాటి నూనె సబ్బులోకి, మార్గరిన్ వెన్నలోకి వెళ్లింది. ఉత్తర పసిఫిక్‌లో హంప్‌బ్యాక్‌ల వేట ఆపాలని అంతర్జాతీయ సంఘం 1966లో తీర్మానించేనాటికి అక్కడ మిగిలినవి వెయ్యి పైచిలుకు మాత్రమే అని తర్వాత అంచనా వేశారు.

అంచనాలెందుకు, పట్టినవాళ్లు లెక్క రాసి పంపేవాళ్లు కదా అంటారా? పంపేవాళ్లు. అక్కడే వుంది అసలు మోసం. సోవియట్ ఓడలు దక్షిణ సముద్రాల్లో 2,710 హంప్‌బ్యాక్‌లని చంపామని సంఘానికి లెక్క చెప్పాయి. నిజంగా చంపింది 48 వేలకి పైగా! వుత్తర పసిఫిక్‌లోనూ అదే తంతు. మన దేశానికి దగ్గర్లో కూడా, 1966 నవంబరులో ఒమాన్, పాకిస్తాన్, వాయవ్య భారత తీరాల నీళ్లలో వాళ్లు 238 హంప్‌బ్యాక్‌లని చంపారు. అరేబియా సముద్రపు హంప్‌బ్యాక్‌లు ఎక్కడికీ వలసపోకుండా అక్కడే కాపురముండే చిన్న గుంపు, ఇవాళ అవి వంద కూడా లేవంటారు. వాటిలో 238 అంటే ఏమిటో మీరే వూహించండి.

ఈ దొంగ లెక్క 1993లో బయటపడింది. అలెక్సీ యాబ్లకోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త బాహాటంగా చెప్పేశాడు. చెబితే సరిపోతుందా, రుజువు కావద్దూ? అసలు పద్దుల్ని కాల్చేయమనో పారేయమనో చెప్పే రోజుల్లో, దిమిత్రి తొర్మొసోవ్ అనే మరో శాస్త్రవేత్త వేల వేల తిమింగిలాల కాగితాల్ని ముందు తన ఆఫీసులో, తర్వాత తన ఇంటి ఆలుగడ్డల కొట్టులో దాచి వుంచాడు. ఏ ఇల్లాలైనా డబ్బు దాచాలంటే పోపుల డబ్బా వెతుక్కుంటుంది, ఆయన పద్దు దాచడానికి ఆలుగడ్డలు అక్కరకొచ్చాయి. ఆ కొట్టులోంచి వచ్చిన కాగితాలే నిజమైన లెక్క తేల్చడానికి ఆధారమయ్యాయి.

వేట ఆగడం ఒక ఎత్తు, జనానికి వీటిమీద ప్రేమ పుట్టడం ఇంకో ఎత్తు. అది పాట వల్ల వచ్చింది. బెర్ముడా దీవుల దగ్గర అమెరికా నౌకాదళం కోసం నీళ్లలో శబ్దాలు వింటున్న ఫ్రాంక్ వాట్లింగ్టన్ అనే ఇంజనీరు చెవిన విచిత్రమైన రాగాలు పడ్డాయి. వాటి టేపుల్ని ఆయన రోజర్ పేన్, కేటీ పేన్ దంపతులకిచ్చాడు. 1970లో ఆ పాటలు గ్రామఫోన్ రికార్డుగా వచ్చాయి. 1979 జనవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ప్రతి సంచికతోనూ ఒక పల్చటి రికార్డు జతచేసి కోటికి పైగా ప్రతులు పంచింది. పాడేది మగవే. పాటకి వరసలున్నాయి, వరసలు తిరిగి తిరిగి వస్తాయి, గంటల తరబడి సాగుతాయి. ఒక ప్రాంతంలో మగవన్నీ ఇంచుమించు ఒకే పాట పాడతాయి. ఆ పాట యేడాదికేడాది మారుతూ వుంటుంది. ఈ మార్పుని టేపులు పక్కపక్కన పెట్టుకుని మొదట పట్టుకున్నది కేటీ పేన్. పాత సినిమా పాటలే బాగున్నాయనే తిమింగిలాలు కూడా వున్నాయేమో, ఆవిడ చెప్పలేదు.

ఇక్కడ మనకి సంబంధించిన ముచ్చట ఒకటుంది. 1977లో వాయేజర్ నౌకల్ని ఆకాశంలోకి పంపినప్పుడు, ఎప్పటికైనా ఎవరైనా వింటారేమోనని వాటిలో బంగారు పూత రికార్డు పెట్టారు కదా. అందులో 55 భాషల్లో పలకరింపులున్నాయి, మన తెలుగూ వుంది. కేసర్‌బాయి కేర్కర్ పాడిన పాట వుంది. హంప్‌బ్యాక్ పాట కూడా వుంది. దాన్ని సంగీతంలో కాకుండా పలకరింపుల వరసలో చేర్చారు. అంటే తెలుగువాళ్ల శుభాకాంక్షలూ తిమింగిలం శుభాకాంక్షలూ ఒకే పళ్లెంలో గ్రహాలన్నిటినీ దాటిపోయాయన్నమాట.

పాట విన్నాక బతికున్నవాటిని లెక్కపెట్టాలనే ఆరాటం మొదలైంది. 1970లో అమెరికా ఈ జాతిని అంతరించిపోతున్న ప్రాణుల జాబితాలో చేర్చింది. 1976లో హెర్మన్, ఆయన సహచరులు విమానంలో దీవుల చుట్టూ తిరిగి చూశారు. అంతకు ముందే అలాస్కాలో చార్లెస్ జురాజ్ అనే ఆయన ఒక సంగతి గమనించాడు. హంప్‌బ్యాక్ లోతుకి మునిగేటప్పుడు తోక పైకెత్తుతుంది. ఆ తోక అడుగుభాగాన నలుపు తెలుపు మచ్చలు ఒకదానికి వున్నట్టు ఇంకొకదానికి వుండవు. గంట్లు, కాట్లు, గీతలు, మన వేలిముద్రల్లాగా ఎవరివి వారివే. తోక ఫోటో తీస్తే చాలు, చంపనక్కర్లేదు, పట్టనక్కర్లేదు, అది ఫలానాది అని చెప్పేయొచ్చు. అలాస్కాలో తీసిన తోకా హవాయిలో తీసిన తోకా ఒకటేనని తేలినప్పుడు గానీ మూడు వేల మైళ్ల ప్రయాణం సంగతి కళ్లకి కట్టలేదు.

పాత ఓడ పుస్తకాల్లో పారిపోయినదానికి వేసిన ముద్ర తోకే కదా! పోయింది, చిక్కలేదు అని చెప్పడానికి వేసిన ఆ గుర్తే నూరేళ్లు తిరిగేసరికి వచ్చింది, వుంది అని చెప్పే గుర్తయింది.

1975 నుంచి డెబొరా గ్లోక్నర్ అనే ఆవిడ మావి దీవి పక్కన నీళ్లలోకి దిగి తల్లుల్నీ బిడ్డల్నీ గమనిస్తూ వచ్చింది. ఆడదేదో మగదేదో కింది భాగం చూసి ఎలా పోల్చుకోవాలో చెప్పినవాళ్లలో ఆవిడ వొకరు. అంతవరకూ తల్లీబిడ్డల వెంట వుండే మూడో దాన్ని చూసి, పురిటికి సాయం వచ్చిన పిన్నమ్మ కాబోలనుకునేవారు. తీరా చూస్తే అది మగది, మళ్లీ జతకట్టే అవకాశం కోసం కాచుకుని వున్నది. పిన్నమ్మ కథ ఎంత బాగుండేది!

1992లో ఆ నీళ్లని తిమింగిలాల అభయస్థలంగా చట్టం చేశారు. ఇప్పుడు పడవైనా మనిషైనా వంద గజాల దూరంలో ఆగిపోవాలి. 2004 నుంచి 2006 దాకా పది దేశాల నుంచి నాలుగు వందల మందికి పైగా పరిశోధకులు కలిసి పసిఫిక్ వుత్తర భాగమంతా గాలించి తోకల ఫోటోలు తీశారు. ఎనిమిది వేల దాకా వేర్వేరు తోకలు తేలాయి. దాన్నిబట్టి మొత్తం ఇరవై వేల పైమాటేననీ, అందులో సగం హవాయికి వచ్చేవేననీ లెక్క కట్టారు. వెయ్యి నుంచి ఇరవై వేలు! ఇంత సంతోషకరమైన పద్దు ప్రకృతి ఖాతాలో అరుదు. 2016లో హవాయి హంప్‌బ్యాక్‌లని ప్రమాదంలో వున్నవాటి జాబితాలోంచి తీసేశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వొడ్డున కూర్చునేవాళ్ల గళ్లు ఖాళీగా మిగలడం మొదలైంది.

వాళ్ల లెక్కకి శాస్త్రంలో పెద్ద పీట లేదు, ఆ సంగతి వాళ్లకీ తెలుసు. ఒకటే రెండుసార్లు పడొచ్చు, ఎండ కళ్లలో పడితే, అలలు తెల్లగా విరిగితే కొన్ని తప్పిపోవచ్చు. కానీ ఒకే రాయి మీద, ఒకే నెలలో, ఒకే గంటలో ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లకి ఒకటి తెలుస్తుంది: నిరుడున్నట్టు లేదే అని. మన వంటింట్లో డబ్బా తూకం వెయ్యకుండానే పప్పు తరిగిందని తెలియడం లేదూ, అలాగ. 2015 చలికాలం నుంచి వరసగా కొన్నేళ్లు పడవలవాళ్లూ పరిశోధకులూ వొడ్డునున్నవాళ్లూ ఇదే అన్నారు. ఆలస్యంగా వస్తున్నాయనీ, తొందరగా వెళ్లిపోతున్నాయనీ, బిడ్డలు కనబడటం లేదనీ చెప్పుకున్నారు.

బిడ్డల సంగతి రేచెల్ కార్ట్‌రైట్ తేల్చింది. మావి దీవికీ పక్క దీవికీ మధ్యనున్న జలసంధిలో ఆవిడ బృందం పడవ మీద ఒకే పద్ధతిలో ఏటేటా తల్లీబిడ్డల జంటల్ని లెక్కపెట్టేవారు. 2013కీ 2018కీ మధ్య ఆ జంటలు కనబడటం 76 శాతం పైగా పడిపోయింది. నాలుగు జంటలుండే చోట ఒకటి! కారణం హవాయిలో లేదు, మూడు వేల మైళ్ల అవతల వుంది. 2014 నుంచి 2016 దాకా వుత్తర పసిఫిక్ నీళ్లు ఎన్నడూ లేనంత వేడెక్కాయి. వేడికి అక్కడి రొయ్యపురుగులూ సన్న చేపలూ తగ్గాయి. ఇందాక చెప్పిన వుపవాసం గుర్తుందా? వేసవిలో వొంటికి కొవ్వు పట్టకపోతే ఆ ప్రయాణమూ లేదు, ఆ పురుడూ లేదు.

తిమింగిలాలు వేరే చోటికి వెళ్లి వుంటాయిలెమ్మని కొందరు సర్దిచెప్పారు. కాదని 2024లో రుజువయింది. టెడ్ చీజ్‌మన్, ఆయన సహచరులు ప్రపంచం నలుమూలల నుంచి పరిశోధకులూ యాత్రికులూ పంపిన తోకల ఫోటోల్ని కంప్యూటరుతో సరిపోల్చి, ఇరవై ఏళ్ల పద్దు తయారు చేశారు. వుత్తర పసిఫిక్‌లో 2012 నాటికి 33 వేలు దాటిన హంప్‌బ్యాక్‌లు 2021 నాటికి 26 వేల చిల్లరకి దిగాయి. ఏడు వేలు తగ్గాయి. హవాయికి వచ్చేవాటిలో నూటికి ముప్ఫై నాలుగు లేవు. మూడొంతుల్లో ఒక వొంతు. ఈసారి ఈటె లేదు, ఫిరంగి లేదు, ఆకలితో పోయాయి. ఎక్కడా శవాల గుట్టలు పడలేదు, ఎవరూ ముద్ర వెయ్యలేదు. తోకల పద్దే లేకపోతే ఈ ఏడు వేలూ పోయినట్టే మనకి తెలిసేది కాదు.

లహైనా పేరు మళ్లీ పత్రికల్లో చదివే వుంటారు. 2023 ఆగస్టు 8న ఆ వూరు తగలబడింది. వందమందికి పైగా పోయారు. ఆ పాత రేవుబజారంతా బూడిదైంది. వూరి నడిమధ్యన ఒక మర్రిచెట్టు వుంది. 1873లో మన దేశం నుంచి వెళ్లిన ఎనిమిదడుగుల మొక్క అది, వూడలు దిగి ఒక వాడంత అయింది. అది కూడా కమిలిపోయింది. కొన్ని వారాలకి కమిలిన కొమ్మల మీద ఆకు కనిపించింది. ఆ చలికాలం హంప్‌బ్యాక్‌లు ఎప్పటిలాగే వచ్చాయి. జనవరి ఆఖరి శనివారం మావి దీవివాళ్లు కూడా కాగితాలు పట్టుకుని వొడ్డున కూర్చున్నారు.

పోయినవి ఏవో, మిగిలినవి ఏవో తోక తోకకీ తేలుతూనే వుంది. జురాజ్ అలాస్కాలో 1972లో ఫోటో తీసిన ఒక మగ తిమింగిలానికి తర్వాత 'ఓల్డ్ టైమర్' అని పేరు పెట్టారు, మన మాటల్లో ముసలాయన. హెర్మన్ శిష్యుడు ఆడమ్ ప్యాక్ ఏళ్ల తరబడి ఆయన్ని ఎరుగును. 2015లో చూసిందే ఆఖరు. నీళ్లు వేడెక్కిన ఆ ఏళ్లలో ఆ వయసు ప్రాణి తట్టుకుని వుండదనే ప్యాక్ అనుకున్నాడు. 2024 జూలైలో అలాస్కాలో పడవ మీద వుండగా ఎదురుగా ఒక తోక లేచింది. పుస్తకం తిరగెయ్యక్కర్లేకుండానే పోల్చుకున్నాడు. యాభై రెండేళ్ల కిందటి ఫోటోలో వున్న మచ్చలే. ముసలాయన వొంటరిగా, తీరుబడిగా మేత మేస్తున్నాడు.